ముందు ముక్కు, తర్వాత పర్సు

కారు పొగగొట్టం నుంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంటే మన ఊళ్లలో మామూలుగా జరిగేవి రెండు. అద్దాలెక్కించి, ఏసీ పెంచి, డ్యాష్‌బోర్డు మీద సెంటు సీసా పెట్టి సరిపెట్టుకోవడం ఒకటి. షెడ్డుకు తీసుకెళ్లి, మెకానిక్ నోటికి ఏ పార్టు పేరు ముందొస్తే దాన్ని మార్పించేయడం రెండోది. మొదటిదాంట్లో రోగం పెరుగుతుంది, రెండోదాంట్లో బిల్లు పెరుగుతుంది. ఆ వాసన ఎప్పుడొస్తోంది, ఎటునుంచొస్తోంది, ఏం చేస్తే తగ్గుతోంది అని ఒక వారం పది రోజులు గమనించే ఓపిక మాత్రం రెండింట్లోనూ కనపడదు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకంలో కారు గొడవ ఏమిటని మీరు అడగొచ్చు. మధ్యతరగతి ఇంట్లో ఇల్లు, పెళ్లి, చదువుల తర్వాత పెద్ద ఖర్చు కారుదే. దాని గురించి మనం తీసుకునే నిర్ణయాల్లో సగం భయంతో తీసుకునేవి, మిగతా సగం మొహమాటంతో తీసుకునేవి. బానెట్ ఎత్తగానే మనకేమీ తెలియదని ముందే ఒప్పేసుకుంటాం. తెలియకపోవడం తప్పు కాదు. కానీ చూసింది చూసినట్టు చెప్పడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు.

ఉదాహరణలన్నీ కనిగిరి చుట్టుపక్కలవే తీసుకుంటాను. ఇక్కడి ఎండకు, ఇక్కడి దుమ్ముకు, అన్నిటికంటే ముఖ్యంగా ఇక్కడి నీళ్లకు ఈ వాసనతో చుట్టరికం ఉంది. పొగగొట్టం వాసనకూ బోరు నీళ్లకూ సంబంధమేమిటో కాసేపట్లో చెబుతాను.

గంధకం ఎక్కడినుంచి వస్తుంది

పెట్రోలులో గంధకం పుట్టుకతోనే ఉంటుంది. ముడిచమురులో ఉన్నదాన్ని రిఫైనరీలో చాలావరకు తీసేస్తారు, ఆఖరి చుక్క దాకా తీయరు. భారత్ స్టేజ్-3 (బీఎస్-3) కాలుష్య ప్రమాణాల రోజుల్లో పెట్రోలులో 150 పీపీఎం (పది లక్షల పాళ్లలో 150 పాళ్లు) దాకా, డీజిల్‌లో 350 దాకా ఉండొచ్చనేది నిబంధన. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4 ఇంధనం వచ్చి హద్దు 50కి దిగింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6తో అది 10కి పడిపోయింది. చేతి లెక్కలో చూస్తే, 35 లీటర్ల ట్యాంకు నిండా కొట్టిస్తే సుమారు 26 కిలోల పెట్రోలు పడుతుంది. బీఎస్-3 కాలంలో ఆ ట్యాంకులో నాలుగు గ్రాముల దాకా గంధకం ఉండేందుకు వీలుండేది. ఇప్పుడు మహా అయితే పావు గ్రాము.

కాబట్టి ‘పెట్రోలే అట్టాంటిది, ఏం చేస్తాం’ అనే మాటకు ఒకప్పుడు అర్థముండేది. ఇవాళ వాసన విడవకుండా వస్తోందంటే బండిలోనో, బంకులోనో, మన అలవాట్లలోనో తేడా ఉన్నట్టే. ఈమధ్య ప్రతి రోగాన్నీ ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు నెత్తిన రుద్దుతున్నారు. మైలేజీ తగ్గిందంటే ఆ మాటలో నిజముంది. గుడ్డు వాసనకు మాత్రం దాన్ని ఆడిపోసుకోవడం అన్యాయం. ఇథనాల్ కలిపినందువల్ల గంధకం పెరగదు.

ఇంజిన్‌లో కాలాక గంధకం ఎక్కువభాగం సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అది అగ్గిపుల్ల గీసినప్పుడు ముక్కుకు తగిలే ఘాటులాంటిది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది తయారయ్యే చోటు సాధారణంగా కేటలిటిక్ కన్వర్టర్. ఇంజిన్‌కూ సైలెన్సర్‌కూ మధ్య ఉండే ఉక్కు డబ్బా అది. లోపల తేనెపట్టు గదుల్లాంటి పింగాణీ దిమ్మ, దానిమీద ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత ఉంటాయి. విషవాయువులను అక్కడ విరగ్గొట్టి కాస్త మంచి గాలిగా మార్చి బయటకు పంపుతుంది.

ఇంజిన్‌కు గాలి సమృద్ధిగా అందుతున్నంతసేపూ ఈ పూత గంధకాన్ని కొంచెం కొంచెంగా తనలో దాచుకుంటుంది. వాసన రాదు. ఎప్పుడైతే గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుందో, అప్పుడు దాచుకున్న చిల్లరంతా ఒక్కసారి బల్ల మీద గుమ్మరించినట్టు గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ రూపంలో బయట పడేస్తుంది. మన ముక్కు ఈ వాయువును వంద కోట్ల పాళ్ల గాలిలో కొన్ని పాళ్లున్నా పట్టేస్తుంది. పావు గ్రాము గంధకం కారులో ఉన్న నలుగురి చేత ముక్కు మూయించగలిగేది అందుకే.

ఇది అర్థమైతే ఏ వాసనకు కంగారు పడాలో, దేనికి పడనక్కర్లేదో తెలుస్తుంది. కనిగిరి నుంచి మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తున్నారనుకోండి. దోర్నాల దాకా చదును రోడ్డు మీద ఒకే వేగంతో వచ్చిన బండి నల్లమల ఘాట్ ఎక్కడం మొదలుపెడుతుంది. లోపల ఐదుగురు, పైన సామాను, ఏసీ నడుస్తోంది. మలుపు మలుపుకీ రెండో గేరు, యాక్సిలరేటర్ అడుగంటా. ఇంజిన్‌కు బలం కావాలని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఎక్కడో చెట్టుకింద ఆపితే గుప్పుమని వాసన, ఐదు నిమిషాల్లో పోతుంది. ఇది రోగం కాదు. కన్వర్టర్ కొత్తగా ఉన్న బండిలోనూ మొదటి రోజుల్లో ఇలా రావచ్చు. 2000 తర్వాతి సంవత్సరాల్లో అమెరికాలో టొయోటా క్యామ్రీ యజమానులు ఇదే వాసన మీద ఫిర్యాదులు చేస్తే, కంపెనీ డీలర్లకు దీనికోసమే సర్వీసు సూచనలు పంపింది. గొప్ప బండికైనా ఈ వాసన తప్పదు. ఘాట్ దిగి, చదును రోడ్డు మీదికి వచ్చాక కూడా రోజూ వస్తుంటే మాత్రం పట్టించుకోవాలి.

అసలు అది పొగగొట్టం వాసనేనా

ఈ ప్రశ్న వేసుకోకుండా షెడ్డుకు పోవద్దు. బండిలో గుడ్డు వాసన రావడానికి పొగగొట్టంతో సంబంధం లేని దారులు నాలుగైదున్నాయి.

మొదట డిక్కీ తెరవండి. నవ్వకండి. మిరప, కంది, పొగాకు వేసే ప్రాంతం మనది. పురుగుమందు డబ్బాలు, సంచులు కారు డిక్కీలోనే చేలకు వెళ్తాయి. కొన్ని పురుగుమందులకు కుళ్లిన వెల్లుల్లిలాంటి, గుడ్డులాంటి కంపు ఉంటుంది. ఒక్క సీసా మూత వదులై నాలుగు చుక్కలు కార్పెట్‌లోకి ఇంకాయంటే వేసవంతా ఆ వాసన వదలదు. అది వాసనతో పోయేదీ కాదు, విషం. కార్పెట్ తీసేసి కడిగించాలి, పిల్లల్ని ఆ బండి ఎక్కించకూడదు.

సీఎన్‌జీ బండైతే వేరే కథ. గ్యాస్ కారితే తెలియాలని దానిలో మెర్‌క్యాప్టన్ అనే గంధకపు వాసన కలుపుతారు. బండి ఆపి ఉన్నప్పుడు, ఇంజిన్ నడవకుండానే వాసన వస్తుంటే అది లీకు. తాళం తిప్పకండి, లైటు వేయకండి, తలుపులు తెరిచి దూరంగా నిలబడి సిలిండర్ వాల్వు కట్టేయించండి. వంటగ్యాస్ సిలిండర్‌ను డిక్కీలో బిగించి నడిపే బండ్లున్నాయి. వాటికి నేనిచ్చే సలహా ఒక్కటే: ఈ పేజీ మూసి ముందు ఆ సిలిండర్ తీయించండి.

గేర్‌బాక్స్ నుంచి పాత ఆయిల్ కారి వేడి పైపు మీద పడినా ఇలాంటి వాసనే వస్తుంది. గేర్ ఆయిల్‌లో గంధకపు రసాయనాలు కావాలనే కలుపుతారు. బండి రాత్రంతా నిలబెట్టిన చోట పొద్దున నేల మీద మరక ఉందా అని చూస్తే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది బ్యాటరీ. దాని దగ్గర కాసేపు ఆగుదాం.

సీసం బ్యాటరీలో ఉన్నది గంధకామ్లమే. ఛార్జింగ్ మితిమీరినప్పుడు, లేదా ఒక సెల్ చచ్చిపోయి మిగతావాటి మీద భారం పడినప్పుడు అది ఉడికినట్టు వేడెక్కి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. బానెట్ కింద పుట్టిన ఆ వాసన ఏసీ గాలి దారిలోంచి నేరుగా లోపలికి వస్తుంది. మనం మాత్రం సైలెన్సర్‌ను తిట్టుకుంటాం. ఏప్రిల్, మే నెలల్లో కనిగిరి ఎండలో నిలబెట్టిన బండి బానెట్ మీద చెయ్యి పెట్టలేం. లోపల బ్యాటరీ పరిస్థితి ఊహించుకోండి. నీళ్లు పోసే రకం బ్యాటరీ అయితే నీటి మట్టం గబగబా పడిపోతుంది. పలకలు తేలిపోతాయి. అప్పుడు మనవాళ్లు చేసే పని ఒక చెంబెడు నీళ్లు పోయడం.

ఏ నీళ్లు? కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత ఎక్కువో, అది ఎన్ని మోకాళ్లను, ఎన్ని వెన్నుపూసలను వంచిందో ఈ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. మనుషులకు ఫ్లోరైడ్ శత్రువైతే, బండికి శత్రువు ఆ నీళ్లలోని ఉప్పులు, సున్నం. బోరు నీళ్లు పోసిన బ్యాటరీ పలకల మీద ఆ లవణాలు చేరి దాని ఆయుష్షును కోసేస్తాయి. ‘అట్టాకాదులే, ప్లాంటు నీళ్లు పోసినాం’ అంటారు ఇంకొందరు. ప్లాంటు నీళ్లు తాగడానికి. వాటిలో లవణాలు తగ్గుతాయి గానీ పూర్తిగా పోవు. షాపులో బ్యాటరీ వాటర్ అని అమ్మే డిస్టిల్డ్ వాటర్ తప్ప మరేదీ పోయకూడదు. అది దొరకకపోతే దొరికేదాకా ఆగాలి.

పరీక్ష తేలిక. కొన్ని వందల రూపాయల మల్టీమీటర్ ఇంట్లో ఉంటే చాలు. రాత్రంతా ఆగిన బండికి పొద్దున స్టార్ట్ చేయకముందు బ్యాటరీ కొనల మధ్య 12.4 నుంచి 12.7 వోల్టులు చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా చాలా బండ్లలో 13.8 నుంచి 14.7 మధ్య ఉంటుంది. 15 దాటిందంటే ఆల్టర్నేటర్ రెగ్యులేటర్ పనిచేయడం లేదు. వాసన అక్కడినుంచే. బ్యాటరీ ఉబ్బినట్టు కనిపించినా, ముట్టుకోలేనంత వేడిగా ఉన్నా దాని పక్కన బీడీ, సిగరెట్ వెలిగించకండి, వైర్లు పీకకండి. హైడ్రోజన్ కూడా వదులుతుంటుంది అది. ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజిన్ ఆపి, చల్లారనిచ్చి, తెలిసినవాణ్ని పిలవాలి.

ఇవేవీ కావని తేలితే అప్పుడు బండి వెనక్కి పోండి. ఇంజిన్ వేడెక్కాక, ఆరుబయట, గొట్టానికి నాలుగడుగుల దూరంలో నిలబడి చూడాలి. గొట్టం దగ్గర ముక్కు పెట్టకండి. ఇంకో సంగతి, రోజూ ఆ కారెక్కే మనిషి ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. పక్కింటివాళ్లనో, ఊరినుంచి వచ్చిన చుట్టాన్నో పిలిచి వాసన చూడమనండి. వాళ్లు చెప్పిందే సాక్ష్యం.

బంకు మీద అనుమానం

పొగగొట్టమే అని తేలాక తక్కువ ఖర్చుతో చూడగలిగేది పెట్రోలు. కల్తీకి కలిపే కిరోసిన్‌లో గంధకం బీఎస్-6 పెట్రోలులో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండొచ్చు. అది కలిసిన పెట్రోలు సరిగా కాలదు, కన్వర్టర్‌కూ చేటే. ట్యాంకు పావుకు దిగాక వేరే కంపెనీ బంకులో నింపించి, ఆ ట్యాంకు అయిపోయేదాకా చూడండి. తర్వాత ఇంకోసారి అక్కడే. రెండు ట్యాంకులకు వాసన పోయిందంటే కారణం దొరికినట్టే. పోలేదంటే బంకువాళ్లను వదిలేయండి.

ఒక్క ట్యాంకుకే తీర్పు చెప్పకండి. పాత పెట్రోలు అడుగున మిగిలి ఉంటుంది, కన్వర్టర్‌లో దాచుకున్న గంధకం కూడా బయటకు పోవాలి.

అనుమానం బలంగా ఉంటే బంకులోనే అడిగే హక్కు మీకుంది. ప్రతి బంకులోనూ ఫిల్టర్ పేపరు, అయిదు లీటర్ల కొలత క్యాను, సాంద్రత చూసే హైడ్రోమీటరు, ఫిర్యాదుల పుస్తకం ఉండాలి. ఫిల్టర్ పేపరు పరీక్షకు డబ్బు తీసుకోరు. నాజిల్ మూతిని తుడిపించి, ఒక చుక్క పెట్రోలును కాగితం మీద వేస్తారు. రెండు నిమిషాల్లో అది ఆరిపోవాలి. రంగు కారణంగా లేత గులాబీ ఛాయ మిగిలితే ఫరవాలేదు. జిడ్డు మరక మిగిలితే కల్తీ ఉందేమోనని అనుమానించాలి. మరక లేకపోయినంత మాత్రాన స్వచ్ఛమని రూఢి కాదు. సాంద్రత కూడా చూడమనాలి. ఆరోజు బోర్డు మీద రాసిన సాంద్రతకూ మీ ముందు కొలిచినదానికీ ఘనపు మీటరుకు మూడు కిలోల కంటే ఎక్కువ తేడా రాకూడదు.

ఇది అడగడానికి మనవాళ్లు సిగ్గుపడతారు. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడతారని, బంకు ఓనరు తెలిసినవాడని. పొద్దున ఆరు గంటలకు రద్దీ లేనప్పుడు వెళ్లి, ‘అన్నా, బండికి వాసనొస్తంది. ఒకసారి కాగితం పరీక్ష చేసి చూపించు, మాకూ డౌటు తీరుద్ది’ అని మామూలు గొంతుతో అడగండి. నిజాయితీగా నడిపే బంకువాడికి అభ్యంతరముండదు. గొంతు పెంచాల్సిన అవసరం అక్కడ కాదనిపించుకున్నప్పుడే.

సంక్రాంతికి, ఉగాదికి హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో వచ్చి, నాన్నకోసం ఊళ్లో కారు వదిలివెళ్లే కొడుకులకో మాట. నెలల తరబడి కదలని బండిలో పెట్రోలు పాతబడుతుంది, బ్యాటరీ పడిపోతుంది, ఎలుకలు సెన్సర్ల వైర్లు కొరుకుతాయి. పండక్కి వచ్చి స్టార్ట్ చేసిన మొదటి రోజు వచ్చే వాసనకు ఈ మూడూ చూడండి.

థర్మోస్టాట్ కథ

బంకు కాదు, బ్యాటరీ కాదు. అయితే ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ పడుతోంది. షెడ్డు భాషలో ‘రిచ్ నడుస్తంది’ అంటారు. కారణాలు చాలా ఉన్నాయి. ఎర్రదుమ్ముతో గట్టిపడిన ఎయిర్ ఫిల్టర్, ముసలిదైన ఆక్సిజన్ సెన్సర్, మూసుకోకుండా చుక్కలు కార్చే ఇంజెక్టర్, సరిగా వెలగని స్పార్క్ ప్లగ్. వీటి గురించి ఏ మెకానిక్ అయినా చెబుతాడు. తక్కువమంది అనుమానించేది ఇంకోటుంది. దాని మూలం మళ్లీ మన నీళ్లలోనే ఉంది.

రేడియేటర్‌లో కూలెంట్ తగ్గింది. కొనడం దేనికని బోరు నీళ్లు పోశారు. ఒక వేసవి, రెండు వేసవులు. నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పొరలు కట్టింది. నీటి ప్రవాహం తగ్గి బండి వేడెక్కడం మొదలుపెట్టింది. పామూరు రోడ్డు మీద మే నెల మధ్యాహ్నం ఒకసారి ముల్లు ఎరుపులోకి పోయింది. షెడ్డులో చెప్పిన వైద్యం: ‘మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకన్నా, తీసేద్దాం, సల్లంగా ఉంటది.’ తీసేశారు. నిజంగానే చల్లగా ఉంది. అందరూ సంతోషించారు.

థర్మోస్టాట్ పని ఇంజిన్‌ను చల్లగా ఉంచడం కాదు, సరైన వేడి దగ్గర నిలపడం. అది లేకపోతే నీళ్లు ఆగకుండా తిరిగి, వానాకాలం, చలికాలం ఉదయాల్లో ఇంజిన్ చేరాల్సిన వేడికి చేరదు. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు కొంచెం ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆ మిగులు పెట్రోలు కన్వర్టర్‌కు చేరుతుంది. గుడ్డు వాసన, మైలేజీ దెబ్బ, ప్లగ్ మీద మసి. చాలా నెలల కింద తీసేసిన వస్తువుకూ ఇవాళ్టి వాసనకూ సంబంధముందని ఎవరికి తోస్తుంది? కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ చెడి, చల్లగా ఉన్నట్టు తప్పుడు లెక్క చెప్పినా ఇదే జరుగుతుంది.

అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు తప్పక అడగాల్సిన ప్రశ్న: థర్మోస్టాట్ ఉందా, తీసేశారా? తీసేసి ఉంటే రేడియేటర్ శుభ్రం చేయించి, కంపెనీ చెప్పిన కూలెంట్ పోయించి, థర్మోస్టాట్ మళ్లీ పెట్టించండి. కూలెంట్ గాఢంగా ఉన్న రకమైతే కలపడానికి కూడా డిస్టిల్డ్ వాటరే.

రిచ్ నడుస్తోందో లేదో కళ్లతో చూడొచ్చు. ప్లగ్ విప్పించండి. కొన లేత గోధుమరంగులో, పొడిగా ఉంటే బాగున్నట్టు. వేలికి అంటుకునే నల్లటి పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందన్నమాట. ఆయిల్‌లోనూ గంధకం ఉంటుంది. దానిలోని భాస్వరం కన్వర్టర్ పూతను పాడుచేస్తుంది కూడా. నాలుగు ప్లగ్‌లలో ఒక్కటే నల్లగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నో కాయిల్‌నో చూడాలి. నాలుగూ ఒకేలా నల్లగా ఉంటే తేడా అందరికీ ఉమ్మడిగా ఉన్న చోట: ఫిల్టర్, సెన్సర్, థర్మోస్టాట్.

స్కానర్ పెట్టిస్తే ఇంకా తొందరగా తేలుతుంది. అది చూపే కోడ్‌లలో పి0172 అంటే పెట్రోలు ఎక్కువవుతోందని. పి0128 వస్తే ఇంజిన్ వేడి అందుకోవడం లేదు, థర్మోస్టాట్ చూడమని. పి0300 నుంచి మొదలయ్యేవి సరిగా మండని సిలిండర్ల గురించి. పి0420 కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని. ఈ చివరిది కనపడగానే కన్వర్టర్ మార్చమంటారు, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. దానితోపాటు ముందువాటిలో ఏదైనా ఉంటే కన్వర్టర్ చెడింది ఆ రోగం వల్లే కావచ్చు. రోగం ఉంచి కన్వర్టర్ మారిస్తే కొత్తది కూడా అదే దారి పడుతుంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె కూడా చూపించమనండి. అది మైనస్ 10 కంటే కిందకుంటే కంప్యూటరే పెట్రోలు తగ్గించడానికి తంటాలు పడుతోందని అర్థం.

షెడ్డులో మాట్లాడే తీరు

‘వాసనొస్తంది చూడన్నా’ అని తాళాలు ఇచ్చి టీకి పోతే మెకానిక్‌కు ఊహించడం తప్ప వేరే దారి లేదు. ఇదే మాట ఇలా సాగితే చూడండి:

“అన్నా, రెండు వారాల నుంచి కుళ్లుగుడ్డు వాసన. పొద్దున తియ్యంగానే రాదు. పొదిలి పోయొచ్చి ఆపినాక వస్తంది. మైలేజీ కూడా తగ్గింది.”

“ఏ బంకులో కొట్టిస్తన్నావబ్బాయ్?”

“రెండు బంకులు మార్చి చూసినాన్నా. తేడా లేదు. బ్యాటరీ కూడా చూపించా, నడిచేటప్పుడు పద్నాలుగు పాయింట్ రెండు ఉంది.”

“చెక్ లైటు?”

“ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఫోటో తీసిపెట్టా.”

“అట్టయితే ముందు ప్లగ్గులిప్పుదాం. స్కానరు పెట్టి చూద్దాం ఆగు.”

ఎదుటివాడు వెతికే మనిషని తెలిసినప్పుడు మెకానిక్ కూడా వెతుకుతాడు. పనికిమాలిన పార్టు అంటగట్టడానికి మొహం చెల్లదు కూడా. ఒకసారికి ఒక్కటే మార్చమని చెప్పండి. మార్చిన పాత పార్టు చేతికివ్వమనండి. దాని తర్వాత రెండు మూడు రోజులు నడిపి చూసి, తగ్గకపోతేనే రెండోది. ఫిల్టర్, ప్లగ్గులు, సెన్సర్, కన్వర్టర్ ఒకేరోజు మార్పిస్తే వాసన పోవచ్చు గానీ ఏది తప్పో జన్మలో తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. వారంటీ ఉన్న బండైతే ఇవన్నీ కంపెనీ సర్వీస్ సెంటర్‌లోనే చేయించి, జాబ్ కార్డు మీద ‘గుడ్డు వాసన’ అని రాయించుకోండి. నోటిమాట ఫిర్యాదుకు రేపు విలువుండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే కన్వర్టర్ మీద చట్టప్రకారం ఎనిమిదేళ్లు లేదా 80,000 మైళ్ల హామీ ఉంది. డబ్బు కట్టేముందు అది గుర్తు చేయండి.

కన్వర్టర్ నిజంగా పోయిందని తేలినప్పుడు కొందరు చెప్పే చిట్కా ఒకటుంది: డబ్బా కోసి, లోపలి దిమ్మ తీసేసి, ఖాళీ గొట్టం అతికించడం. వాసన పోతుంది, డబ్బు మిగులుతుంది, ఎవరికీ తెలియదు అంటారు. గుడ్డు వాసన పోతుంది, నిజమే. ముక్కుకు తెలియని కార్బన్ మోనాక్సైడ్ శుద్ధి కాకుండా నేరుగా వీధిలోకి వస్తుంది. చట్టం కూడా ఒప్పుకోదు. పైగా ఆ తీసేసిన దిమ్మ పారేసే వస్తువు కాదు. గుజరాత్, మహారాష్ట్రల్లో మారుతి ఈకో వ్యాన్ల సైలెన్సర్లు రాత్రికి రాత్రి మాయమైంది ఆ దిమ్మలోని ప్లాటినం, పెల్లేడియం కోసమే. ‘ఊరికే తీసేస్తాన్లే’ అన్నవాడు దాన్ని ఏం చేస్తాడో అడగండి.

వాసనతో నడుపుతూ కాలం గడిపేవాళ్లకు రెండు జాగ్రత్తలు. మండకుండా వచ్చిన పెట్రోలు కన్వర్టర్‌లో మండితే ఆ డబ్బా మామూలు కంటే చాలా ఎక్కువగా వేడెక్కి, లోపలి దిమ్మ కరిగిపోయే దాకా పోవచ్చు. అలాంటి బండిని కంది కంప మీదో, ఎండు చొప్ప పక్కనో, ఎండగడ్డిలోనో ఆపకండి. అలాగే వాసన కారు లోపలికి గట్టిగా వస్తోందంటే పొగగొట్టం ఎక్కడో అతుకు విడిందేమో చూడాలి. మన స్పీడ్ బ్రేకర్లకు అది తగిలి పగలడం మామూలే. ఆ పగులులోంచి గుడ్డు వాసనతోపాటు వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా వస్తుంది. తల బరువెక్కినా, నిద్రమత్తుగా ఉన్నా వెంటనే అద్దాలు దించి, బండి పక్కకు ఆపండి. మూసిన షెడ్డులో ఇంజిన్ నడిపి వాసన చూసే ప్రయోగం ఎట్టిపరిస్థితుల్లోనూ వద్దు.

చివరగా మీ డ్యాష్‌బోర్డు అరలో ఇప్పటికే ఉన్న ఒక కాగితం తీయండి. పొల్యూషన్ సర్టిఫికెట్. పోలీసులకు చూపించడానికే తప్ప దాన్ని ఎవరూ చదవరు. గుడ్డు వాసనను ఆ మిషన్ కొలవదు గానీ, కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తుంది. బీఎస్-4, బీఎస్-6 పెట్రోలు కార్లకు ఐడిలింగ్‌లో హద్దు 0.3 శాతం, హైడ్రోకార్బన్లకు 200 పీపీఎం. పెట్రోలు ఎక్కువ పడుతున్న బండికి మొదట ఎగబాకేవి ఈ రెండు అంకెలే. ఈసారి సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు గొట్టంలో పుల్ల నిజంగా పెట్టించండి. పెట్టకుండా ఇచ్చే కాగితం ఒప్పుకోకండి. వచ్చిన అంకెను పోయినసారి అంకె పక్కన పెట్టి చూసి, ఆ రెండు కాగితాలూ పట్టుకుని షెడ్డుకు వెళ్లండి.